పల్లెల్లో గర్భిణులు, బాలింతల సంరక్షణ: నెల్లూరు, ప్రకాశం జిల్లాల కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉదయగిరి, వింజమూరు, కనిగిరి, పామూరు వైపు పల్లెల్లో పొదుపు సంఘాల సమావేశాలకు వెళ్లినప్పుడల్లా గర్భిణుల తల్లులు, అత్తలు, భర్తలు నన్ను అడిగే సందేహాలు దాదాపు అవే. ఒక ఊళ్లో చెప్పిన జవాబే పక్క ఊళ్లోనూ చెప్పవలసి వస్తోంది కాబట్టి వాటిని ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే చదువుకోవచ్చు. మీ అమ్మాయిని చూస్తున్న డాక్టరు ప్రత్యేకంగా ఏదైనా చెప్పి ఉంటే ఆ మాటనే పాటించండి. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు తల్లి ప్రాణం నిలిచిందా లేదా అన్నది చాలాసార్లు నొప్పులు రాకముందే, ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్న మాటల మీద ఆధారపడింది. అందుకే ఈ జవాబులు గర్భిణితో పాటు ఇంటిల్లిపాదికీ ఉద్దేశించినవి.

## నెల తప్పిన కొత్తల్లో

మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదంటున్నారు. ఆశా కార్యకర్తకు అప్పుడే చెప్పాలా?

చెప్పాలి. దిష్టి తగులుతుందని, గర్భం నిలుస్తుందో లేదోనని పెద్దలు ఆగమంటారు. బంధువులకు ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం. ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు మాత్రం నెల తప్పిన వెంటనే తెలియాలి. బిడ్డ మెదడుకు, వెన్నుపాముకు పునాది పడే పని గర్భం ధరించిన మొదటి నాలుగు వారాల్లోనే జరిగిపోతుంది కాబట్టి ఫోలిక్ యాసిడ్ మాత్రను ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. పిల్లల కోసం అనుకుంటున్నప్పుడే మొదలుపెట్టడం ఇంకా మంచిది. గర్భ నిర్ధారణ కిట్ ఆశా కార్యకర్త దగ్గరే ఉచితంగా దొరుకుతుంది. 12 వారాలు నిండేలోపు నమోదు జరిగితే కాన్పు తేదీ లెక్క కూడా సరిగ్గా వస్తుంది. చివరి నెలసరి మొదటి రోజును ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి.

ఒంట్లో బాగానే ఉంది. అయినా అన్నిసార్లు పరీక్షకు వెళ్లాలా?

కనీసం నాలుగుసార్లు వెళ్లాలి: 12 వారాల లోపు ఒకసారి, 14 నుంచి 26 వారాల మధ్య ఒకసారి, 28 నుంచి 34 వారాల మధ్య ఒకసారి, 36 వారాలు దాటాక ఒకసారి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి ఎనిమిదిసార్లు వెళ్లమంటోంది. బీపీ పెరిగినా, మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నా, రక్తంలో చక్కెర ఎక్కువైనా మొదట్లో మనిషికి ఏమీ తెలియదు, హాయిగా తిరుగుతూనే ఉంటుంది. అందుకే బాగున్నప్పుడే వెళ్లాలి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరే స్వయంగా చూసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. ఆ రోజు కూలి పోతుందని మానుకోవద్దు. రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, చక్కెర, హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు జరిగాయో లేదో మీరే అడిగి తల్లీబిడ్డల కార్డులో రాయించుకోండి. ధనుర్వాతం రాకుండా వేసే టీడీ ఇంజెక్షన్ రెండు మోతాదులూ నాలుగు వారాల ఎడంతో పూర్తి కావాలి.

స్కానింగ్‌లో ఆడపిల్లో మగపిల్లవాడో చెప్పించుకోవచ్చా?

చట్టం ఒప్పదు. 1994 నాటి చట్టం ప్రకారం చెప్పిన వారికి, చెప్పించిన వారికి ఇద్దరికీ శిక్ష ఉంది. పుట్టేది ఆడపిల్లా మగపిల్లాడా అన్నది తండ్రి నుంచి వచ్చే కణాన్ని బట్టి నిర్ణయమవుతుంది, తల్లిని నిందించడానికి అందులో ఏమీ లేదు.

అమ్మాయికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే కేసు అవుతుందేమోనని భయపడుతున్నాం.

ఈ ప్రశ్నను ఎవరూ సమావేశంలో అడగరు, అందరూ లేచి వెళ్లాక చీర కొంగు నలుపుకుంటూ ఒక తల్లి అడుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయింది, కాబట్టి ఇది ఏ ఒక్క ఇంటి సంగతో కాదు. చట్టం ప్రకారం ఆసుపత్రి వారు పోలీసులకు సమాచారం ఇవ్వాల్సి రావచ్చు. ఆ మాట దాచి మీకు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. అయితే వైద్యం చేయబోమని చెప్పే హక్కు ఏ ప్రభుత్వ ఆసుపత్రికీ లేదు. కటి ఎముకలు పూర్తిగా ఎదగని ఆ వయసులో రక్తహీనత, బీపీ, కష్టమైన కాన్పు మూడూ ఎక్కువగానే వస్తాయి. దాచి ఇంట్లో ఉంచితే పోయేది పిల్ల ప్రాణం. ముందుగా ఏఎన్‌ఎంతో విడిగా మాట్లాడండి. పిల్లల సహాయ నంబరు 1098కు కూడా ఫోన్ చేయవచ్చు.

## నాలుగో నెల నుంచి

ఐరన్ మాత్ర వేసుకుంటే వాంతి వస్తోంది, విరోచనం నల్లగా అవుతోంది. మానేయవచ్చా? బిడ్డ నల్లగా పుడుతుందంటున్నారు నిజమేనా?

మానేయవద్దు. విరోచనం నల్లబడటం మాత్రలోని ఇనుము వల్ల, దానివల్ల హాని లేదు. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది, మాత్ర నుంచి రాదు. కుంకుమపువ్వుతో తెల్లబడకపోవడానికి కారణమేదో ఐరన్‌తో నల్లబడకపోవడానికీ అదే కారణం. మన రాష్ట్రంలో పరీక్షించిన గర్భిణులలో 53.7 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు 2019-21 సర్వే తేల్చింది. మాత్రలు ఊళ్లోనే ఇస్తున్నారు, అయినా చాలా ఇళ్లలో అవి గూట్లో దేవుడి పటం వెనకాల చెక్కు చెదరకుండా కనిపిస్తాయి. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పే వారు రాత్రి అన్నం తిన్న గంట, రెండు గంటలకు వేసుకుని పడుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. టీ, కాఫీ, పాలతో వేసుకోకూడదు. కాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, ఎందుకంటే రెండూ కలిస్తే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వాడాలి. మలబద్ధకం ఉంటే నీళ్లు, ఆకుకూరలు పెంచండి, అప్పటికీ తగ్గకపోతే మాత్ర మార్చమని అడగండి.

రక్తం ఎనిమిదే ఉందన్నారు. దానిమ్మ, బీట్‌రూట్ రసం తాగితే సరిపోదా?

సరిపోదు. హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 7 నుంచి 9.9 మధ్య ఉంటే అది ఓ మోస్తరు రక్తహీనత, 7 కన్నా తక్కువైతే తీవ్రమైనది. ఎర్రగా ఉన్నంత మాత్రాన బీట్‌రూట్‌లో ఇనుము ఎక్కువగా ఉండదు. ఎనిమిది ఉన్నప్పుడు సాధారణంగా రోజుకు రెండు మాత్రలు ఇచ్చి నెల తర్వాత మళ్లీ పరీక్షిస్తారు, పెరగకపోతే నరం ద్వారా ఐరన్ ఎక్కిస్తారు. ఏడు కన్నా తక్కువ ఉంటే పెద్ద ఆసుపత్రికి వెళ్లవలసిందే. కాన్పులో ఎంతో కొంత రక్తం పోవడం ఎవరికైనా తప్పదు. పన్నెండు ఉన్న మనిషి తట్టుకునే నష్టాన్ని ఆరు ఉన్న మనిషి తట్టుకోలేదు. నులిపురుగుల మాత్ర కూడా నాలుగో నెల దాటాక ఒకటి వేస్తారు, దాన్ని వద్దనకండి.

గుడ్డు, చేపలు ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని మా అత్తమ్మ భయం. బొప్పాయి సంగతేమిటి?

అత్తమ్మ భయం వెనక ఒక కాలం ఉంది. ఆసుపత్రి అందుబాటులో లేని రోజుల్లో బిడ్డ చిన్నదైతేనే కాన్పు సులువని అనుకునేవారు. నిజానికి తిండి తగ్గిస్తే బిడ్డ బరువు తగ్గుతుంది గాని కాన్పు సులువు కాదు, తల్లికి నొప్పులు తీయడానికి శక్తి ఉండదు. మామూలు బరువున్న స్త్రీ తొమ్మిది నెలల్లో పది కిలోల దాకా పెరగడం ఆరోగ్యకరం. రాగి సంగటి, పప్పు, మునగాకు, తోటకూర, వేరుశనగ, రోజుకో గుడ్డు, వారంలో రెండు మూడుసార్లు చిన్న చేపల పులుసు ఉంటే ఆ ఇంట్లో ఖరీదైన పొడుల డబ్బా అవసరం రాదు. సొర చేపలో పాదరసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది కాబట్టి గర్భిణులు దాన్ని తినకపోవడం మంచిది. బాగా పండిన బొప్పాయితో హాని లేదు, పచ్చికాయ మానుకోండి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు గర్భిణి పేరు మీద వచ్చినవి. వాటిని ఇల్లంతా పంచుకుంటే ఆమెకు మిగిలేది సగం గుడ్డు. ఈ సంగతి భర్తలే చూసుకోవాలి.

మాది ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. కాచి తాగితే సరిపోతుందా?

కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కనిగిరి చుట్టుపక్కల బోరు నీటిని గర్భిణి తాగడానికీ వంటకీ వాడకుండా, సరఫరా అయ్యే నదీ జలాలు గాని శుద్ధి చేసిన నీరు గాని ఆమె కోసం విడిగా ఒక బిందె పట్టి ఉంచండి. టీ ద్వారా కూడా ఫ్లోరైడ్ ఒంట్లోకి చేరుతుంది, తగ్గించండి.

పొగాకు పనికి, మిరప కోతలకు, పలకల ఫ్యాక్టరీకి వెళ్లవచ్చా? మానేస్తే ఇల్లు గడవదు.

పని మానేయమని తేలిగ్గా చెప్పడం నా వల్ల కాదు, కానీ ఏ పని చేయాలన్నది ఆలోచించాలి. పొగాకు ఆకు మంచుతో, చెమటతో తడిగా ఉన్నప్పుడు దానిలోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. తల తిరగడం, వాంతులు దానివల్లే. అది కడుపులో బిడ్డను పోషించే మాయకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది కాబట్టి పచ్చాకు కొట్టడం, పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర ఆకు గుచ్చడం గర్భిణి చేయకూడదు. మార్కాపురం పలకల దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పురుగుమందు కొట్టిన చేలో వెంటనే దిగవద్దు. బరువులెత్తే పని, రోహిణి కార్తె ఎండలో మిట్టమధ్యాహ్నం పని ఎవరి గర్భానికీ మంచిది కాదు. మేస్త్రీతో మాట్లాడి నీడపట్టున కూర్చుని చేసే పని ఇప్పించే బాధ్యతను ఊళ్లోని సంఘం తీసుకుంటే ఆ అమ్మాయి ఒక్కతే అడగాల్సిన అవసరం రాదు. రెండు మూడు ఊళ్లలో ఇది జరగడం నేను చూశాను. హైదరాబాదుకో గుంటూరు వైపుకో వలస వెళ్లేటప్పుడు కార్డు వెంట తీసుకెళ్లండి, అక్కడి ఆశా కార్యకర్తను మొదటి వారంలోనే కలవండి.

నిండు నెలల్లో కాళ్లు వాయడం మామూలే కదా?

సాయంత్రానికి పాదాలు కాస్త వాచి, పడుకుని లేచేసరికి తగ్గితే మామూలే. ముఖం, చేతులు వాచినా, గాజులు ఉన్నట్టుండి బిగుసుకున్నా, విడవని తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, రొమ్ముల కింద కడుపు పైభాగంలో నొప్పి వచ్చినా అదే రోజు బీపీ చూపించాలి. బీపీ 140/90 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే అది గర్భిణికి ప్రమాద సూచన. దీన్ని వదిలేస్తే ఫిట్స్ వస్తాయి. మన పెద్దలు గుర్రపువాతం అన్నది దీన్నే. ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వల్ల ఉపయోగం లేదు, పళ్లు విరుగుతాయి, ఊపిరి అడ్డుపడుతుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఈ జబ్బుకు మెగ్నీషియం సల్ఫేట్ అనే మంచి మందు ఉంది, దాని మొదటి మోతాదును పీహెచ్‌సీలోనే ఇచ్చి పెద్ద ఆసుపత్రికి పంపవచ్చు. ఈ ప్రమాదం కాన్పుతో ముగిసిపోదు. కాన్పయిన మొదటి వారంలో, ఒక్కోసారి ఆ తర్వాత కూడా రావచ్చు కాబట్టి బాలింతకు తలనొప్పి వస్తే నిద్ర చాలకపోవడం వల్లేనని సర్దిచెప్పుకోకండి.

గ్రహణం రోజు కదిలితే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందా?

రాదు. పెదవి చీలడం గర్భం తొలి వారాల్లోనే, ముఖం రూపుకట్టే దశలో జరిగే లోపం. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. గ్రహణం పేరుతో గంటల తరబడి నీళ్లయినా తాగకుండా, మూత్రానికి లేవకుండా పడుకోబెట్టడమే గర్భిణికి కష్టం. పుట్టిన బిడ్డకు మొర్రి ఉంటే శస్త్రచికిత్సతో సరిచేస్తారు.

## కాన్పు దగ్గర పడుతున్నప్పుడు

తొలి కాన్పుకు మా అమ్మాయిని పుట్టింటికి తీసుకొస్తున్నాం. ఏమేం చూసుకోవాలి?

మొదట కార్డు. ఒక అమ్మాయి సీమంతం ముగించుకుని పుట్టింటికి వచ్చింది. గాజుల పెట్టె, పసుపు కుంకుమల సంచి, ఐదు రకాల పిండివంటల డబ్బాలు ఆటోలో సర్దారు. తల్లీబిడ్డల కార్డు మాత్రం అత్తవారింటి బీరువాలో చీరల కింద ఉండిపోయింది. ఎనిమిదో నెలలో అర్ధరాత్రి రక్తస్రావంతో ఆసుపత్రికి చేరినప్పుడు రక్తం గ్రూపు ఏమిటని నర్సు అడిగితే ఆ తల్లి నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. పరీక్ష చేస్తే నెగటివ్ అని తేలింది. ముందే తెలిసి ఉంటే ఆ గ్రూపు వాళ్లు ఇద్దరిని సిద్ధంగా ఉంచేవాళ్లం. తెల్లవారేదాకా ఫోన్లు చేస్తూ కూర్చున్నాం. తల్లీబిడ్డ ఇద్దరూ బతికారు, ఆ రాత్రిని మాత్రం నేను మరచిపోలేదు.

కార్డులోని అన్ని పేజీలనూ ఫోన్‌లో ఫోటో తీసి భర్త దగ్గర, తల్లి దగ్గర ఉంచండి. అత్తవారి ఊరి ఏఎన్‌ఎంకు వెళ్తున్నట్లు చెప్పి, పుట్టింటి ఊరి ఏఎన్‌ఎం దగ్గరకు వచ్చిన వారంలోనే వెళ్లండి. రెండు ఊళ్ల మధ్య జారిపోయే గర్భిణికి చివరి రెండు నెలల పరీక్షలు జరగవు, సరిగ్గా ఆ రెండు నెలలే ముఖ్యం. ప్రయాణం ఎనిమిదో నెలలోపు పెట్టుకోండి. తల్లి గ్రూపు నెగటివ్, బిడ్డ గ్రూపు పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి, లేకపోతే తర్వాతి బిడ్డకు ప్రమాదం.

దగ్గరి పీహెచ్‌సీలో కాన్పు చేయించుకోవచ్చా, పెద్ద ఆసుపత్రికే వెళ్లాలా?

ఇబ్బందులేవీ లేని గర్భానికి పగలూ రాత్రీ స్టాఫ్ నర్సు ఉండే పీహెచ్‌సీ సరిపోతుంది. ముందు కాన్పు పెద్దాపరేషన్ అయినవారు, బీపీ లేదా షుగరు ఉన్నవారు, కవలలు ఉన్నవారు, బిడ్డ అడ్డం తిరిగి ఉన్నవారు, మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో తేలినవారు, రక్తం బాగా తక్కువ ఉన్నవారు, ముందు కాన్పులో రక్తస్రావమైనవారు ఆపరేషను, రక్తం రెండూ దొరికే చోటికే వెళ్లాలి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఆ రెండూ ఉంటాయి. ఉదయగిరి, సీతారామపురం వైపు నుంచి నెల్లూరు చేరడానికి గంటలు పడుతుంది కాబట్టి ఇలాంటివారు నొప్పుల కోసం ఎదురుచూడకుండా డాక్టరు చెప్పిన తేదీకే చేరిపోవడం మంచిది. ఏ ఆసుపత్రి, ఎవరు వెంట వెళ్తారు, రాత్రయితే ఎవరి బండి, ఇంట్లో పెద్ద పిల్లలను ఎవరు చూస్తారు అన్నవి ఎనిమిదో నెల రాకముందే తేల్చుకోండి. మగవాళ్లు పొలం నుంచి వచ్చాక అడుగుదామని ఆగిన రెండు గంటలే ప్రాణం తీసిన సందర్భాలున్నాయి.

వానాకాలంలో మా ఊరి వాగు పొంగితే దారి ఉండదు. ఏం చేయాలి?

మన జిల్లాల్లో తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. కాన్పు తేదీ ఆ నెలల్లో ఉంటే, వాతావరణ హెచ్చరిక వచ్చిన రోజే వాగు దాటి మండల కేంద్రంలో బంధువుల ఇంటికో ఆసుపత్రికో చేరండి. తుఫాను ముందు నెలలు నిండిన వారిని అధికారులే తరలిస్తారు, జాబితాలో పేరుందో లేదో ఏఎన్‌ఎంను అడగండి. నల్లమలలో పాలుట్ల లాంటి గూడేల చెంచు కుటుంబాలకు, వాగుల వెంట, చెరువుల గట్ల మీద ఉండే యానాది కుటుంబాలకు ఈ ముందుచూపు మరీ అవసరం. వాళ్లను ఆసుపత్రికి రాలేదని తప్పుపట్టే ముందు అక్కడ వాళ్లతో ఎలా మాట్లాడుతున్నామో కూడా చూసుకోవాలి.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఎంత ఖర్చవుతుంది? మాకు వచ్చే డబ్బులేమిటి?

జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011లో మొదలైంది. దాని ప్రకారం కాన్పు, పెద్దాపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్‌కు 7 రోజుల వరకు భోజనం కూడా ఇస్తారు. వెళ్లడానికి 108, బిడ్డతో ఇంటికి రావడానికి 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి బిడ్డకు రెండు విడతల్లో 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు తల్లి ఖాతాలో పడతాయి. ఆధార్‌లో ఇంటిపేరు పుట్టింటిదై, బ్యాంకు ఖాతాలో అత్తింటిదైతే డబ్బు ఆగిపోతుంది. నేను చూసిన తిరస్కరణల్లో ఎక్కువ దీనివల్లే, కాబట్టి ఐదో నెలలోనే సరిచేయించుకోండి.

మంచి ముహూర్తానికి పెద్దాపరేషన్ చేయించుకుంటే తప్పేమిటి?

2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి, దేశం మొత్తం మీద అది 21.5 శాతం. అవసరమైనప్పుడు ఆపరేషన్ ప్రాణదాత. ముహూర్తం కోసం 39 వారాలు నిండకుండా బిడ్డను బయటికి తీస్తే ఊపిరి ఇబ్బందితో అద్దాల పెట్టెలో ఉంచాల్సి రావచ్చు. తల్లికి రక్తం ఎక్కువ పోతుంది, తర్వాతి కాన్పుల్లో మాయ పాత కుట్టుకు అంటుకునే ప్రమాదం ఉంది. జాతకం చూసే పెద్దల మీద నాకు గౌరవం ఉంది, అయినా ఈ విషయంలో ఆసుపత్రి మాటే చెల్లాలని గట్టిగా చెబుతాను.

## నొప్పులు మొదలయ్యాక

నొప్పులు ఎలా ఉంటే బయలుదేరాలి?

నొప్పులు క్రమం తప్పకుండా, రానురాను దగ్గరవుతూ, నడిచినా పడుకున్నా తగ్గకుండా వస్తుంటే బయలుదేరాలి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా నొప్పులు లేకపోయినా సరే వెంటనే వెళ్లాలి. కార్డు, ఆధార్, శుభ్రమైన పాత నూలు గుడ్డలు ఉన్న సంచి గుమ్మం దగ్గరే ఉంచండి.

ఊళ్లో ఆర్‌ఎంపీ నొప్పుల ఇంజెక్షన్ చేస్తానంటున్నారు. చేయించుకోవచ్చా?

వద్దు. ఆ మందును ఆసుపత్రిలో చుక్కలు లెక్కపెట్టి, బిడ్డ గుండె వింటూ ఇస్తారు. ఇంట్లో ఒక్కసారిగా ఇస్తే గర్భసంచి చిట్లవచ్చు, బిడ్డకు ఊపిరి అందకపోవచ్చు. ఊరి వైద్యుడు మంచివాడే కావచ్చు, అర్ధరాత్రి పిలిస్తే వస్తాడు. ఆయనను బండి పిలవడానికి, వెంట రావడానికి అడగండి.

108 వచ్చేలోపే బిడ్డ పుట్టేస్తే?

చేతులు సబ్బుతో కడుక్కోండి, ఉతికిన గుడ్డ పరవండి, బిడ్డను లాగవద్దు, పొట్ట నొక్కవద్దు. పుట్టగానే పొడి గుడ్డతో ఒళ్లంతా తుడిచి తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి. బండి వస్తుంటే బొడ్డు కోయకుండా అలాగే ఉంచండి. మాయ దానంతటదే పడాలి. పడితే దాన్ని సంచిలో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి, పూర్తిగా వచ్చిందో లేదో చూస్తారు. బిడ్డ నోటికి రొమ్ము అందిస్తే గర్భసంచి ముడుచుకుని రక్తం తగ్గుతుంది. ఇంట్లో బిడ్డ క్షేమంగా పుట్టినా తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

మగబిడ్డ పుట్టాడని ఆసుపత్రిలో డబ్బులు అడిగారు. ఇవ్వాలా?

ఇవ్వనక్కర్లేదు. మా బంధువుల అమ్మాయి కాన్పులో బిడ్డను చూపించడానికి వెయ్యి రూపాయలు అడిగితే, కూలి డబ్బుల ముడి విప్పి ఆమె తల్లి ఇచ్చింది. ఆడపిల్ల అయితే ఐదు వందలన్నారట. అది విన్నప్పటి నుంచి ప్రతి సమావేశంలోనూ ఈ మాట చెబుతున్నాను. ఆసుపత్రి సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఇవ్వండి, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. తల్లీబిడ్డ ఇంటికి చేరాక పెట్టినా చెల్లుతుంది. కసిరే మాటలకు, చెయ్యి చేసుకోవడానికి కూడా ఇదే దారి.

## బాలింతగా ఉన్నప్పుడు

బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలని, కారం అన్నమే పెట్టాలని అంటారు. పథ్యం ఎన్నాళ్లు?

నీళ్లు తగ్గిస్తే పాలు తగ్గుతాయి, మలబద్ధకం వస్తుంది, కుట్లు నొప్పి పుడతాయి. దాహమైనప్పుడల్లా నీళ్లు ఇవ్వండి. శొంఠి, వెల్లుల్లి, వాము వేసిన కారం ముద్దలు పెట్టడంలో తప్పు లేదు, వాటితో పాటు పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు కూడా ఉండాలి. పాలిచ్చే తల్లికి గర్భిణి కంటే ఎక్కువ తిండి కావాలి. గాలి తగలని గదిలో కుంపటి పొగ పెట్టడం మానండి, పొగ బిడ్డ ఊపిరికి మంచిది కాదు. నడుముకు గుడ్డ కట్టుకోవడం ఆమెకు హాయిగా ఉంటే కట్టుకోవచ్చు.

ముర్రుపాలు పిండి పారబోయాలా? బిడ్డకు తేనె నాకించవచ్చా?

పారబోయకూడదు. పసుపుపచ్చగా చిక్కగా వచ్చే ఆ కొద్ది చుక్కలే బిడ్డకు తొలి రక్షణ, గంటలోపు పట్టాలి. తేనె, పంచదార నీళ్లు, ఆముదం వద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు, మన వేసవిలోనూ అంతే. పుట్టిన రోజునే స్నానం చేయించకండి, బొడ్డు మీద ఏమీ రాయకండి.

ఇంటికి వచ్చాక ఏవి ప్రమాద సూచనలు?

మార్చిన గుడ్డ కొద్ది నిమిషాలకే తడిసిపోవడం, గడ్డలు పడటం, చలి జ్వరం, దుర్వాసనతో మైల పోవడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి. వీటిలో ఏది కనిపించినా పదకొండో రోజు పురుటి స్నానం దాకా ఆగకుండా అదే గంటలో బయలుదేరండి. మామూలు కాన్పయినా 48 గంటలు ఆసుపత్రిలోనే ఉండమనేది ఇందుకే. ఆ తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలి; మైల అని ఆమెను గుమ్మం బయటే నిలబెట్టకండి.

కాన్పయినప్పటి నుంచి ఊరికే ఏడుస్తోంది, బిడ్డను ఎత్తుకోవడం లేదు. గాలి సోకిందంటున్నారు.

మొదటి వారం పదిరోజులు కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి జరుగుతుంది, అండగా ఉంటే తగ్గుతుంది. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకుండా ఉన్నా, బతకాలని లేదన్నా, లేనివి కనిపిస్తున్నాయన్నా అది వైద్యం ఉన్న జబ్బు. ఒంటరిగా వదలకండి, డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆడపిల్ల పుట్టిందని ఆ ఇంట్లో ఎవరైనా ముఖం తిప్పుకున్నారేమో కూడా ఒకసారి చూడండి.

పాలిస్తున్నంత కాలం మళ్లీ గర్భం రాదు కదా?

వస్తుంది. ఆరు నెలల లోపు, నెలసరి రాకుండా, పగలూ రాత్రీ తల్లిపాలే ఇస్తున్నంత వరకే ఆ రక్షణ. కనీసం రెండేళ్లు ఆగి మళ్లీ గర్భం దాల్చితే తల్లి రక్తం కోలుకుంటుంది. కాన్పయిన 48 గంటల్లోపు లూప్ వేయించుకోవచ్చు, ఆరు వారాలు దాటాక గర్భం రాకుండా మూడు నెలలకొకసారి వేసే ‘అంతర’ అనే ఇంజెక్షన్ ఉంది. మగవారి ఆపరేషన్ ఆడవారి ఆపరేషన్ కంటే తేలికైనది. బలం తగ్గుతుందన్న భయానికి ఆధారం లేదు.

## ఊరివాళ్ల కోసం

గర్భిణి ఇంటివాళ్లు కాకుండా ఊరు ఏం చేయగలదు?

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ ప్రతి ఊళ్లో కాగితం మీదైనా ఉంటుంది, దానికి ఏటా 10,000 రూపాయల వరకు నిధి వస్తుంది. ఆ కమిటీని నెలకొకసారి కూర్చోబెట్టి, ఈ నెల, వచ్చే నెల నెలలు నిండేవారి పేర్లు చదివించండి. నీటిని శుద్ధి చేసే ఆర్‌వో యంత్రం లేని ఫ్లోరైడ్ వాడలో ఎవరుంటున్నారు, ఎవరికి తోడు లేదు, ఎవరు వలస నుంచి వచ్చారు అన్నది అక్కడే తేలుతుంది. రాత్రిపూట పలికే రెండు ఆటోల నంబర్లు, రక్తం గ్రూపులతో యువకుల పేర్లు సచివాలయం గోడ మీద రాయించండి. మగవారు మూడు నెలలకొకసారి రక్తం ఇవ్వవచ్చు. సంఘంలో అత్తలకు విడిగా ఒక సమావేశం పెట్టండి, ఇంట్లో నిర్ణయాలు వాళ్లవే. ఊళ్లో ఒక తల్లి చనిపోతే, అది ఇంట్లోనా దారిలోనా ఆసుపత్రిలోనా ఎక్కడైనా సరే, ఆశా కార్యకర్త ద్వారా పీహెచ్‌సీకి తెలియజేసి విచారణ జరిగేలా చూడండి. ప్రతి ప్రసూతి మరణాన్నీ సమీక్షించాలన్నది నిబంధన. ఏ గంటకు నొప్పులు వచ్చాయి, ఏ గంటకు బండి పిలిచారు, ఎక్కడి నుంచి ఎక్కడికి పంపారు అన్నది ఆ వారంలోనే, జ్ఞాపకం చెదరకముందే, ఇంటివాళ్లను అడిగి రాసి పెట్టండి.